గడ్డికి ఊపిరాడని జనవరి

మా క్లబ్బులో గడ్డికి ఊపిరాడటం లేదన్న సంగతి సరిగ్గా జనవరిలో, అదీ కప్పు పోటీ దగ్గరపడ్డాక బయటపడింది. అంతకుముందు జనవరుల్లో ఆ గడ్డి ఎవరి ముక్కుతో ఊపిరి పీల్చుకుందో కమిటీవాళ్ళు చెప్పలేదు. నేను అడిగాను. సమాధానం సర్క్యులర్ రూపంలో వస్తుందన్నారు.

మాది నాచారంలో ఫ్యాక్టరీ గోడల వెనకాల ఉండే చిన్న గోల్ఫ్ మైదానం. ఒక ప్రభుత్వ పరిశోధనా సంస్థ తన ఉద్యోగుల కోసం ఎప్పుడో వేసింది. ఇప్పుడు అక్కడ ఆడేవాళ్ళలో ముప్పాతిక మంది రిటైరైన సైంటిస్టులు, ఇంజినీర్లు, కొంతమంది రైల్వేవాళ్ళు. జీతం తీసుకున్న రోజుల్లో కంటే పెన్షన్ తీసుకునే రోజుల్లోనే వీళ్ళకి సైన్సు ఎక్కువ గుర్తొస్తుంది. క్యాంటీన్‌లో టీ చల్లారిపోతే, ఎందుకు చల్లారిందో ముగ్గురు మూడు సిద్ధాంతాలు చెబుతారు. వేడి టీ మాత్రం ఎవరూ తెప్పించరు.

మా ఆయన సుధీంద్ర అక్కడ సభ్యుడు. ఆయన భార్యను కాబట్టి నేనూ సభ్యురాలిని. స్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. మొదట్లో ఆయన ఆట ముగిసేదాకా క్యాంటీన్ బయట కూర్చునేదాన్ని. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. పక్కనే ప్రాక్టీసు చేసుకునే చోటు ఉంటే, ఎవరో వదిలేసిన పాత కర్ర పట్టుకుని బంతి దొర్లించడం మొదలుపెట్టాను. అలా దొర్లిస్తూ దొర్లిస్తూ ఉండగా, ఒకరోజు చూసుకుంటే నేను గోల్ఫ్ ఆడుతున్నాను.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెబుతాను. దూరం నుంచి బంతిని కొట్టుకుంటూ వచ్చి గుంతలో వెయ్యాలి. ఎవరు తక్కువ దెబ్బల్లో వేస్తే వాళ్ళది గెలుపు. గుంత చుట్టూ బాగా పొట్టిగా కత్తిరించిన గడ్డి ఉంటుంది, దాన్ని గ్రీను అంటారు. అక్కడికి చేరాక పట్టర్ అనే చదునైన కర్రతో బంతిని మెల్లగా దొర్లించాలి. మగవాళ్ళకి దూరం కొట్టడమంటే ప్రాణం. ఆకాశంలోకి కొట్టి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తారు. గ్రీను మీదకి రాగానే మాత్రం చేతులు వణుకుతాయి. నాది సరిగ్గా తిరగేసిన ఆట. నా దెబ్బ నాలుగడుగులు పోయి ఆయాసపడుతుంది గానీ, గ్రీను మీద నా బంతి చెప్పిన మాట వింటుంది. వయసునీ బలాన్నీ బట్టి ఒక్కొక్కరికి కొన్ని దెబ్బలు మాఫీ చేస్తారు కాబట్టి నాలాంటిది కూడా పోటీలో నిలబడగలదు.

కిందటేడు ఒక్క దెబ్బ తేడాతో కప్పు పోగొట్టుకున్నాను. గెలిచింది పరంధామయ్యగారు. రిటైరైన పెద్ద సైంటిస్టు, గ్రీన్ల కమిటీకి చైర్మన్, మాటకి ముందు ఒకసారి గొంతు సవరించుకునే మనిషి. ఆరోజు ఇంటికొచ్చి ఏడ్చాను. అబద్ధమెందుకు, బాగానే ఏడ్చాను. అరవై దాటాక కప్పు కోసం ఏడుపేమిటని ఎవరైనా అంటే అననీ. స్కూల్లో ఉన్నన్నాళ్ళూ ఏటా పిల్లలకి బహుమతులు పంచాను. పేరు పిలిచి నా చేతిలో ఎవరూ ఒక స్టీలు గ్లాసు కూడా పెట్టలేదు. నాకు ఆ కప్పు కావాలి. అంతే.

ఈ ఏడు నాదేనని క్లబ్బులో అందరూ అన్నారు. అన్న కొన్నాళ్ళకే గడ్డికి ఊపిరాడటం మానేసింది.

ఒక పొద్దున మిషన్ వచ్చింది. దాన్ని గ్రీను మీద అటూ ఇటూ నడిపిస్తే, వేలు పట్టేంత చిల్లులు పొడుచుకుంటూ, మట్టి కడ్డీలు బయటికి లాగి పడేస్తూ పోయింది. చిల్లుల్లోకి ఇసుక కొట్టారు. దీన్ని ఏరేషన్ అంటారు. గట్టిపడిన మట్టిలోకి గాలీ నీళ్ళూ వెళ్ళి గడ్డి బలంగా పెరుగుతుంది. మంచి పనే, నేను కాదనను. ప్రతి క్లబ్బులోనూ చేస్తారు. మా దగ్గరా ఏటా వానలు మొదలయ్యాక చేసేవాళ్ళు. ఆ తడికి చిల్లులు ఇట్టే మూసుకునేవి. చలికాలంలో గడ్డి నిద్రపోతుంది. నిద్రపోయేవాణ్ణి లేపి వ్యాయామం చెయ్యమన్నట్టు, వీళ్ళు జనవరిలో పొడిచారు. గ్రీన్లన్నీ జల్లెడలయ్యాయి.

చిల్లులు చూసి మా సభ్యులు పడిన బాధ ఇంతా అంతా కాదు. ఒకాయనకి అదే రోజు నడుం పట్టేసింది, గ్రీన్లు బాగయ్యాక తగ్గుతుందని ఆయనే చెప్పాడు. ఇంకొకాయన అలిగి, నగరం ఆ చివర ఉన్న ఖరీదైన క్లబ్బుకి పోయి, అక్కడా పొడిచారని తెలిసి, రెట్టింపు అలిగి వెనక్కి వచ్చాడు. వాట్సాప్ గ్రూపులో చిల్లుల ఫోటోలు రోజూ వచ్చేవి, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి తీసినవి, సైజు తెలియడానికి. ఒకరు చందా తగ్గించమన్నారు. ఒకరు రోడ్డు రోలర్ తెప్పించమన్నారు. అంతవరకూ నాలుగు దెబ్బల్లో కూడా గుంతలో వెయ్యలేనివాళ్ళు, తమ ఆట మొత్తం ఈ చిల్లులే నాశనం చేశాయని నలుగురికీ చెప్పుకుని తిరిగారు.

అప్పుడు సర్క్యులర్ వచ్చింది. "గ్రీను మీదికి చేరిన బంతిని ఆడరాదు. రెండు దెబ్బలు కలుపుకొని బంతిని తీసుకొనవలెను. ఈ నియమము కప్పు పోటీ ముగియువరకు మార్చబడదు." కింద కమిటీ సంతకాలు. రెండోది మా ఆయనది.

మర్నాటి నుంచి ఎవరికీ నడుం నొప్పి లేదు. పట్టర్‌తో నాలుగు దెబ్బలు కొట్టేవాడికీ రెండే, నాకూ రెండే. చేతులు వణికే పని లేదు. బంతి గ్రీను మీద పడటం, వంగి తీసుకోవడం, జేబులో వేసుకోవడం. కొత్త టీషర్టులు వేసుకుని వచ్చారు ఒక్కొక్కళ్ళు. చిల్లుల ఫోటోలు ఆగిపోయాయి. "అసలు ఏడాదంతా ఇలా ఉంటే ఎంత హాయి," అని ఒకాయన నా ముందే అన్నాడు. నాకున్న ఒకే ఒక్క విద్యని నియమం పెట్టి తీసేశారు, దాని మీద హాయి కూడానా!

ఆ సాయంత్రం ఇంట్లో అడిగాను. "గడ్డికి ఊపిరాడ్తలేదని మీకెవలు చెప్పిన్రు?"

"పరంధామయ్య సారు మట్టి టెస్టు జేయించిండు. గట్టివడ్డదట," అన్నారు మా ఆయన, టీవీ మీంచి కన్ను తియ్యకుండా.

"చలికాలంల పొడిస్తే చిల్లులు మూసుకుంటయా?"

"జర టైం వడ్తది."

"కప్పు అయిపోయేదాక వడ్తది. సంతకం వెట్టేటప్పుడు గది తోచలేదా మీకు?"

"కమిటీల నల్గురం ఉన్నం విజయా. నేనొక్కణ్నే వెట్టలే."

"నేను నల్గుర్ని పెండ్లి జేసుకోలే. మిమ్మల్నే అడుగుత."

టీవీ కట్టేశారు. కాసేపు రిమోట్‌ని అటూ ఇటూ తిప్పారు. "ఇన్నేండ్ల సంది ఆడ్తున్న. ఒక్కసారి గూడ గెల్వలే. గ్రీను దాకా అందరికంటే మంచిగనే వస్త. గ్రీను మీదకు రాంగనే చేతులు ఎవరియో అయితయి. ఈసారి ఆడ ఆడుడే లేకపోతే..." అని మిగతాది మింగేశారు.

నాకు జాలేసింది. జాలేసినందుకు ఇంకా కోపం వచ్చింది. అన్నం పెట్టాను గానీ ఆవకాయ జాడీ బల్ల మీద పెట్టలేదు.

కోపంలో ఉన్న లెక్కల టీచరుకి కాగితం ఇవ్వకూడదు. సర్క్యులర్ తీసుకుని ఒక్కో మాటా చదివాను. పిల్లలకి ఎన్నోసార్లు చెప్పిన ముక్కే, లెక్కలో ఏమిచ్చారో చూడటం కాదు, ఏమివ్వలేదో చూడాలి. గ్రీను మీదికి చేరిన బంతి గురించి రాశారు. చేరని బంతి సంగతి రాయలేదు. గ్రీను చుట్టూ మూరెడు వెడల్పున కొంచెం పొడుగు గడ్డి అంచు ఉంటుంది. అది గ్రీను కాదు. బంతి అక్కడ ఆగితే, నా పట్టర్‌తో నేను నిక్షేపంగా ఆడుకోవచ్చు. గుంతలో పడిందా, ఒక్క దెబ్బతో సరి. మిగతా అందరికీ రెండు. పడకపోతే మాత్రం నా పని అయినట్టే, బంతి గ్రీను మీదకి చేరినట్టే లెక్క, ఇంకో రెండు మీద పడతాయి. వీళ్ళందరూ గ్రీను మీదకి ఎక్కడానికి తాపత్రయపడుతుంటే, నేను గ్రీను ముందు ఆగడం నేర్చుకోవాలి.

రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ అంచు మీదనుంచి కొట్టాను. చిల్లుల మీద బంతి మెల్లగా పోతే ప్రతి చిల్లుకీ నమస్కారం పెడుతూ పక్కకి తిరిగిపోతుంది. కాస్త గట్టిగా కొడితే గతుకుల రోడ్డు మీద ఆటో లాగా ఎగురుతూనే తిన్నగా పోతుంది. అయితే గట్టిగా కొట్టినప్పుడు గుంత నడిమధ్యకి కొట్టాలి, లేకపోతే దాటిపోతుంది. మొదట్లో అన్నీ దాటిపోయాయి. తర్వాత కొన్ని పడ్డాయి. పోటీనాటికి పోయేవాటికంటే పడేవే ఎక్కువయ్యాయి. నన్ను చూసినవాళ్ళు పాపం అనుకున్నారు. "అమ్మా, ఈ నెల గ్రీను మీద ఆట లేదు కదా, ఎందుకమ్మా శ్రమ," అని పరంధామయ్యగారు గొంతు సవరించుకుని మరీ చెప్పారు.

పోటీరోజు నన్నూ, మా ఆయన్నీ, ఫణీంద్రనీ ఒక జట్టులో వేశారు. ఫణీంద్ర రైల్వేలో చేసి రిటైరయ్యాడు, లాలాపేట్‌లో ఉంటాడు, నన్ను అక్కా అంటాడు. ఒకరి దెబ్బలు ఒకరు లెక్కపెట్టాలి. నా దెబ్బలు లెక్కపెట్టే పని మా ఆయనకి పడింది.

మొదటి గుంత దగ్గర నా బంతి అంచు మీద ఆగింది. ఇద్దరూ అయ్యో అన్నారు. పట్టర్ తీసి కొట్టాను. పడింది. మా ఆయన నా వంక చూశారు. మూడో గుంత దగ్గర మళ్ళీ ఆగింది, మళ్ళీ పడింది. ఫణీంద్ర పగలబడి నవ్వాడు. "ఏందక్కా, కావాలనే ఆపుతున్నవా!" అన్నాడు. ఐదో గుంతకి దాటిపోయింది, ఇంకో రెండు మీద పడ్డాయి. మొత్తానికి సగం ఆటయ్యేసరికి కమిటీకి ఫోన్లు వెళ్ళాయి. ఎలక్ట్రిక్ బండిలో పరంధామయ్యగారు, వెనక ఇద్దరు కమిటీవాళ్ళు దిగారు. సర్క్యులర్ విప్పి చదివారు. తిరగేసి చదివారు. రాసింది వాళ్ళే, మార్చబడదని రాసిందీ వాళ్ళే.

మా ఆయన ఆట ఆరోజు చూడాల్సిందే. గ్రీను మీద ఆడక్కర్లేదన్న ధీమాతో కాబోలు, భుజాలు విప్పుకుని కొడుతున్నారు. అంత బాగా ఆడటం నేనెప్పుడూ చూడలేదు. చివరి గుంత దగ్గరికి వచ్చేసరికి, మాఫీలన్నీ పోను, ఆయనా నేనూ సమానం. మిగతావాళ్ళు ఎక్కడో వెనకబడ్డారు. కప్పు మా ఇంటికే వస్తుంది, అందులో అనుమానం లేదు. ఎవరి చేతిలో అన్నదే తేలాలి.

ఆయన మూడు దెబ్బల్లో గ్రీను మీదకి చేరారు. రెండు కలుపుకుని ఐదు. ఆయన పని అయిపోయింది. నా మూడో దెబ్బ వచ్చి సరిగ్గా అంచు దగ్గర ఆగింది. అంచు మీదా, గ్రీను మీదా అంటే, నిలబడి చూస్తే తెలియదు.

బంతిలో ఏ కొంచెం గ్రీనుకి తగిలినా గ్రీను మీద ఉన్నట్టే. అప్పుడు నాకూ ఐదే. సమానమైతే కప్పు వయసులో పెద్దవాళ్ళకి ఇవ్వాలని మా క్లబ్బు నియమం, ప్రభుత్వ సంస్థ కదా, సీనియారిటీ పోకూడదు. మా ఆయన నాకంటే పెద్ద. బంతి బయట ఉంటే మాత్రం ఒక్క దెబ్బకి అవకాశం ఉంది. పడితే నాది, పడకపోతే ఆయనది.

క్లబ్బంతా చుట్టూ చేరింది. ఒకాయన ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాడు. ఒకాయన వెర్నియర్ కాలిపర్ ఉంటే బావుండునన్నాడు. ఇంకొకాయన మూడుసార్లు కొలిచి సగటు తియ్యాలన్నాడు. గడ్డిపరక గాలికి ఊగుతుంది కాబట్టి గ్రీనుకి కచ్చితమైన హద్దంటూ ఉండదని వేరొకాయన మొదలుపెట్టాడు. పరంధామయ్యగారు గొంతు సవరించుకున్నారు. "లెక్కపెట్టేది సుధీంద్రగారు. ఆయన మాటే ఫైనల్. నాకైతే తగిలినట్టే కనబడుతోందండీ," అని మా ఆయన భుజం తట్టారు.

ఆయన మోకాళ్ళ నొప్పితో మూలుగుతూ కింద కూర్చున్నారు. కళ్ళజోడు తుడుచుకుని, చెంప గడ్డికి ఆనించి చూశారు. ఆయన ముఖం నాకు కనబడలేదు. మెడ వెనక చెమట కనబడింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి ఇప్పుడు ఏం చెబుతాడో నాకు తెలియలేదు. తెలియనందుకే భయమేసింది. తగిలిందని చెబితే కప్పు పోతుంది, సరే, ఆ తర్వాత రోజూ ఈ మనిషికి టీ ఎలా ఇవ్వాలో అని కూడా అనుకున్నాను.

"బయటున్నది," అన్నారు.

"ఇంకోసారి చూడండి, తొందరేం లేదు," అన్నారు పరంధామయ్యగారు.

"సూసిన సార్. బయటనే ఉన్నది," అని ఫణీంద్ర చెయ్యి పట్టుకుని లేచారు. నా వైపు చూడలేదు. పక్కకి పోయి నిలబడ్డారు.

నేను పట్టర్ పట్టుకున్నాను. కొట్టాను. బంతి ఎగురుతూ, ఇసుక చిమ్ముకుంటూ పోయి గుంత వెనక అంచుకి కొట్టుకుని, ఒక్క క్షణం పైకి లేచి, లోపల పడింది. ఫణీంద్ర ఈల వేశాడు. కమిటీవాళ్ళు చిల్లుల వంక చూశారు, అవేవో తమని మోసం చేసినట్టు.

క్యాంటీన్ ముందు కుర్చీలు వేశారు. కప్పు బల్ల మీద ఉంది. నా పేరు పిలిచారు. నేను లేచాను. పరంధామయ్యగారు మైకు అందుకున్నారు. "ఈ ఏడు గ్రీన్ల పరిస్థితి అసాధారణమని మీకందరికీ తెలుసు. ఇలాంటి పరిస్థితుల్లో వచ్చిన ఫలితాన్ని ప్రామాణికంగా తీసుకోవడం సైంటిఫిక్ కాదు. అంచేత ఈ పోటీని స్నేహపూర్వకమైనదిగా పరిగణించి, కప్పుని క్లబ్బులోనే ఉంచి, విజయశ్రీగారిని పూలగుత్తితో సత్కరించాలని కమిటీ అభిప్రాయం."

నేను కుర్చీల మధ్య నిలబడిపోయాను. పొడిచింది వాళ్ళు. నియమం రాసింది వాళ్ళు. ఇప్పుడు చిల్లులున్నాయని కప్పు ఇవ్వనంటున్నదీ వాళ్ళే. నోరు తెరిస్తే తిట్టొస్తుందో ఏడుపొస్తుందో తెలియక పళ్ళు బిగబట్టాను. అందరూ టీ కప్పుల్లోకి చూస్తున్నారు.

మా ఆయన లేచారు. "సార్, నేను గెలిస్తే గూడ గిట్లనే అంటుంటిరా?"

"అది వేరు విషయం సుధీంద్రగారూ. కమిటీ మెంబరుగా మీరు..."

"కమిటీ సంగతి ఇడ్సిపెట్టున్రి. నేను స్నేహపూర్వకంగ ఓడిపోలే సార్. నిజంగనే ఓడిపోయిన. ఇగో, ఈడ నొస్తున్నది," అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. "నా ఓటమి పక్కా. మరి ఆమె గెలుపు కచ్చా ఎట్లయితది?"

ముందు ఫణీంద్ర చప్పట్లు కొట్టాడు, ఆ తర్వాత తప్పనిసరై మిగతావాళ్ళు. పరంధామయ్యగారు చాలాసేపు గొంతు సవరించుకుని కప్పు తీసి నా చేతుల్లో పెట్టారు. నేననుకున్నదానికంటే తేలిగ్గా ఉంది. ఏడ్చాను. ఈసారి అందరి ముందూ ఏడ్చాను.

కారులో ఇంటికి బయలుదేరాం. ఉప్పల్ చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. మెట్రో స్తంభాల మధ్య హారన్లు మోగుతుంటే, "నాకు మస్తు బాధగున్నది విజయా. జర సేపు నన్ను కదిలించకు," అన్నారు. సరేనన్నాను. ఇంట్లో వంట చెయ్యలేదు, చేసే ఓపికా లేదు. బస్సు డిపో దగ్గర టిఫిన్ హోటల్ ముందు కారు ఆపించాను. కారులో వదిలెయ్యడానికి మనసొప్పక కప్పుని లోపలికి పట్టుకెళ్ళి బల్ల మీద, సాంబారు గిన్నెల పక్కన పెట్టాను.

ఇడ్లీ తెచ్చిన కుర్రాడు కప్పుని చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "క్రికెట్‌దా సార్? మీరే గెల్చిన్రా?"

మా ఆయన చెంచా కింద పెట్టారు. "క్రికెట్ గాదు. గోల్ఫ్. గెల్చింది ఆమె," అన్నారు. ఒక గుక్క నీళ్ళు తాగి, "నన్ను ఓడించి గెల్చింది," అన్నారు.

కుర్రాడు నన్ను చూశాడు, ఆయన్ని ఇంకాసేపు చూశాడు. ఏమనుకున్నాడో, లోపలికెళ్ళి ఎవరూ అడగని వేడి వడ ఒకటి తెచ్చి ఆయన ప్లేట్లో వేసి వెళ్ళాడు. ఎప్పుడూ నాకు సగం తుంచి పెట్టే మనిషి, ఆరోజు ఆ వడ మొత్తం ఆయనే తిన్నారు. నేను అడగలేదు.